ఒక పిడి, నాలుగు తలలు

తుఫాను తీరం దాటి రెండు రోజులైనా ఊళ్లోకి కరెంటు రాలేదు. పొద్దున్న ఏడు కాకముందే మునిసిపాలిటీ స్టోరు గది ముందు పద్నాలుగు మంది పనివాళ్లు వరసలో నిలబడ్డారు. నిన్నటి బురద వాళ్ల కాళ్ల మీదే ఎండి బీటలు తీసింది. స్టోర్ కీపర్ శశిభూషణ్ కిటికీ వెలుతురులో రిజిస్టరు పెట్టుకుని, ఒక్కొక్కరి చేత సంతకం పెట్టించి, ఒక్కో ఎర్ర సంచీ అందిస్తున్నాడు.

సంచీలో ఒక పిడి, నాలుగు ఇనప తలలు ఉంటాయి. గొడ్డలి తల, పార తల, సమ్మెట తల, రంపం. ఏది కావాలంటే దాన్ని పిడి చివరనున్న గాడిలో దూర్చి, పక్కనున్న పిన్ను లోపలికి దిగేదాకా నొక్కాలి. అంతే పని. వేసవిలో ఇవి కొత్తగా వచ్చినప్పుడు శశిభూషణ్‌కి ముచ్చటేసింది. అంతకుముందు ఆ గది నిండా గొడ్డళ్లూ పారలూ గునపాలూ ఒకదాని మీద ఒకటి పడి, ఏది తియ్యబోయినా మరొకటి కాలి మీద పడేది. ఇప్పుడు గోడకి మేకులు, మేకులకి సంచీలు. ఆఫీసు వెనక విరిగిపడిన మామిడి కొమ్మని పది నిమిషాలు తనే కొట్టి చూసి, ‘ఒక్క పనిముట్టు నాలుగింటి పని చేయుచున్నది, కొనుగోలుకు తగినది’ అని నోటు రాసిన చెయ్యి కూడా తనదే.

వరసలో ఆరోవాడు జాషువా. చెట్లు కొట్టడంలో ఆ మునిసిపాలిటీలో అతని తర్వాతే ఎవరైనా. సంచీ అందుకోలేదు.

“నాకొద్దండి బాబుగారు. నా పాత గొడ్డలి ఇప్పించండి.”

“పాతవి ఇంకెక్కడివి జాషువా? అన్నీ వేలంలో ఇచ్చేశాం కదా.”

జాషువా సంచీలోంచి పిడి తీసి గొడ్డలి తల తగిలించాడు. చిటికెన వేలంత కూడా లేని పిన్ను మీద గోరు ఆనించి చూపించాడు.

“మామిడి కొమ్మకైతే ఏదైనా సరిపోద్దండి. ఇవాళ కొట్టేవి కొబ్బరి మాన్లు. తడిసి ముద్దయిపోయున్నాయి. గొడ్డలి పీచులో దిగిందంటే పట్టేసుకుంటాది. పైకీ కిందకీ ఊపి లాగాల. ఆ ఊపంతా దేని మీద పడుద్దండి? దీని మీదేగా.”

“కంపెనీ వాళ్లు చూసుకోకుండా చేస్తారా?”

“ఏమోనండి. మా గొడ్డలి వదులైతే ముందే తెలిసిపోద్ది. దెబ్బ సప్పుడు మారుద్ది. ఆగి, చీల బిగించుకుంటాం. ఇది సప్పుడు చెయ్యదండి.”

వెనక నిలబడ్డ అమ్మిరాజు నవ్వాడు. ముప్ఫై ఏళ్లవాడు, ఏజెన్సీ ద్వారా వచ్చి నాలుగేళ్లయింది. “మీ ఇద్దరూ ఇట్టా మాటాడుకుంటా ఉంటే మద్దేనం అయిపోద్ది. అది నాకిచ్చెయ్యి జాషువా మావా. నువ్వు తాడు పట్టుకుందువుగాని.”

అమ్మిరాజు సంతకం పెట్టి సంచీ భుజాన వేసుకున్నాడు. జాషువా మోకు చుట్ట ఎత్తుకుని బయటికి నడిచాడు. శశిభూషణ్ అతని పేరు ఎదురుగా ‘తాడు’ అని రాసి, తర్వాతి వాణ్ణి పిలిచాడు.

పది గంటలప్పుడు కాలవ గట్టు నుంచి ఫోను వచ్చింది. తాళ్లు చాలడం లేదన్నారు. శశిభూషణ్ రెండు చుట్టలు ఆటోలో వేయించుకుని తనే బయలుదేరాడు.

గట్టు రోడ్డు మీద మూడు కొబ్బరి చెట్లు ఒకదాని మీద ఒకటి అడ్డంగా పడి ఉన్నాయి. అవతల నాలుగు పేటలకి అదే దారి. ఉన్న ఒక్క మెషీను రంపాన్నీ సబ్‌స్టేషను వైపు పంపించేశారు. పైనున్న చెట్టు మొదలు ఇంకా వేళ్లతో గట్టుని పట్టుకుని ఉంది. జాషువా దాని మొవ్వుకి తాడు వేసి, అవతల కరెంటు స్తంభానికి మెలి తిప్పి, ముగ్గురితో కలిసి బిగబట్టి నిలబడ్డాడు. అమ్మిరాజు కాళ్లు ఎడంగా పెట్టి, నడుం వంచి, ఒకే గంటులో ఏటవాలుగా కొడుతున్నాడు. దెబ్బ దెబ్బకీ తడి పీచు తెల్లగా ఎగురుతోంది. నాలుగైదు దెబ్బలకోసారి గొడ్డలి పలక ఇరుక్కుపోతోంది. అప్పుడు పిడిని రెండు చేతులా పట్టుకుని పైకీ కిందకీ ఊపి, మోకాలు మానుకి తన్నిపెట్టి లాగుతున్నాడు.

“ఓసారి ఆ పిన్ను చూసుకోరా,” అని కేకేశాడు జాషువా తాడు దగ్గర్నుంచి.

అమ్మిరాజు బొటనవేలితో నొక్కి చూశాడు. “బానే ఉంది మావా.”

మళ్లీ ఎత్తాడు. శశిభూషణ్ ఆటోలోంచి తాళ్లు దించుతూ, తల తిప్పి ఆ దెబ్బనే చూస్తున్నాడు. పిడి కిందికి వచ్చింది. మాను మీద దెబ్బ పడ్డ చప్పుడు మాత్రం రాలేదు. ఇనప తల గాడిలో గిర్రున తిరిగి ఊడిపోయి, మాను మీద అడ్డంగా జారి, అమ్మిరాజు ఎడమ కాల్లో పాదానికి పైన దిగింది. అతను చేతిలో మిగిలిన పిడి వైపు చూశాడు. కిందికి చూశాక కూచుండిపోయాడు.

జాషువా తాడు వదల్లేదు. వదిలితే చెట్టు వాడి మీదికే వస్తుంది. “లాగండ్రా వాణ్ణి! బయటికి లాగండి!” అని గొంతు చించుకుంటూ, పాదాలు బురదలో జారుతున్నా బిగబట్టి అలాగే నిలబడ్డాడు. శశిభూషణ్ పరుగెత్తి అమ్మిరాజు చంకల కింద చేతులు వేసి ఈడ్చాడు. తన భుజం మీది తువ్వాలు తీసి ఆ కాలికి చుట్టాడు. అది ఎర్రబడటానికి ఎంతోసేపు పట్టలేదు.

అమ్మిరాజుని ఎక్కించుకుని ఆటో వెళ్లిపోయాక శశిభూషణ్ వెనక్కి వచ్చి, ముక్కలైన పీచులో వెతికి ఆ తల పట్టుకున్నాడు. పిన్ను సగానికి తెగి ఉంది. తెగినచోట లోపలి లోహం కొత్త నాణెంలా మెరుస్తోంది.

మర్నాడు ఉదయం అసిస్టెంట్ ఇంజనీరు మణిశంకర్ కబురుపెట్టాడు. శశిభూషణ్ వెళ్లేసరికి ఆయన పొట్లం విప్పుకుని ఇడ్లీ తింటున్నాడు. మూడు రోజులుగా ఇంటికి వెళ్లినట్టు లేడు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి.

“కూర్చోండి శశిభూషణ్ గారూ. అమ్మిరాజుని కాకినాడ తీసుకెళ్లారు. మోకాలి కింద తీసేయాల్సి వచ్చిందట. ఎముకా రక్తనాళాలూ తెగిపోయాయటండి.”

శశిభూషణ్ కుర్చీ అంచున కూర్చున్నాడు.

“పైనుంచి రిపోర్టు అడుగుతున్నారండి. నేను డ్రాఫ్టు తయారుచేయించాను. ఒకసారి చూసి సంతకం పెట్టండి.”

కాగితం చిన్నదే. పనివాడు మద్యం మత్తులో పనిముట్టును సరిగా బిగించకుండా వాడినందున ప్రమాదం జరిగినదని ఉంది.

“అమ్మిరాజు తాగడండి,” అన్నాడు శశిభూషణ్.

“తుఫాను పనిలో ఎవరు తాగారో ఎవరు తాగలేదో ఎవరికి తెలుసండి?”

“నాకు తెలుసు. నేను చేతిలో సంచీ పెట్టాను. మొహంలో మొహం పెట్టి మాట్లాడాడు. పిన్ను తెగిందండి. ఆ ముక్క నా దగ్గరే ఉంది.”

మణిశంకర్ వేలికంటిన చట్నీ కాగితానికి తుడిచాడు. “అవి బాగున్నాయని మొదటి నోటు రాసింది మీరు. దాని మీద సిఫార్సు రాసింది నేను. జిల్లాలో ఇంకో మూడు మునిసిపాలిటీలు మన కాగితం చూసి కొన్నాయి. ఇప్పుడు పిన్ను తెగిందంటే ఎక్కడిదాకా వెళ్తుందో ఆలోచించండి. మీకిక సర్వీసు మిగిలింది ఎనిమిది నెలలే కదండీ.”

శశిభూషణ్ కాగితం మడతపెట్టి టేబులు మీద ఉంచాడు. “సంతకం పెట్టలేనండి,” అని లేచాడు.

సాయంత్రం ఇంట్లో కూర్చుని తన రిపోర్టు తనే రాసుకున్నాడు. తడిసిన కొబ్బరి మాను, పలక ఇరుక్కోవడం, పిన్ను మీద పడే ఒత్తిడి, తెగిన ముక్క, తాగాడని రాయమన్న ఒత్తిడి అన్నీ రాశాడు. గొడ్డలికి గొడ్డలి, పారకి పార విడివిడిగా ఉండాలనీ, మిగిలిన సంచీలు వెంటనే వాడకం ఆపించాలనీ రాశాడు. భార్య సీతారామలక్ష్మి స్కూల్లో తెలుగు చెబుతుంది. ఆవిడ కాగితం అందుకుని చివరిదాకా చదివి, ఒకచోట ఒత్తు సరిచేసి తిరిగి ఇచ్చింది.

“ఇబ్బంది పెడతారేమో,” అన్నాడు.

“పెడతారు. ఇచ్చెయ్యండి,” అంది ఆవిడ.

మర్నాడు కమిషనరు ఆఫీసులో స్వయంగా ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకున్నాడు. ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో తల ఎత్తుకుని ఒక కాగితం పెట్టడం అదే మొదటిసారి అనిపించింది. ఆ రాత్రి ఒళ్లెరక్కుండా నిద్రపోయాడు.

ఆ పై రోజు సెలవు పెట్టి కాకినాడ బస్సెక్కాడు. రోడ్డు పొడుగునా పడుకున్న వరిచేలు, వంగిపోయిన అరటితోటలు, స్తంభాల మీద తీగలు లాగుతున్న మనుషులు కనిపించారు. నకలు చొక్కా జేబులో ఉంది. అమ్మిరాజుకి అది చూపించాలని అతని ఆరాటం.

వార్డు చివర కిటికీ పక్కన అమ్మిరాజు పడుకుని ఉన్నాడు. దుప్పటి ఒకవైపు నిండుగా, రెండోవైపు మోకాలి దగ్గర ఆగిపోయి ఉంది. అతని పెళ్లాం లోవలక్ష్మి గిన్నెలో జావ చల్లారబెడుతోంది. శశిభూషణ్‌ని చూసి లేచి, స్టూలు ఇటు జరిపింది.

అతను నారింజపళ్ల సంచీ మంచం మీద పెట్టాడు. ఎలా మొదలుపెట్టాలో తెలియక, నేరుగా జేబులోంచి కాగితం తీశాడు. “అమ్మిరాజూ, నీ తప్పేం లేదని రాసేశాను. పిన్ను తెగిందని రాశాను. కమిషనరు గారికి చేరిపోయింది. నీ మీద ఎవరూ ఏమీ పెట్టలేరు.”

అమ్మిరాజు కాగితం అందుకోలేదు. పెళ్లాం వైపు చూశాడు.

“అయితే అది మీరేనా అండి?” అంది లోవలక్ష్మి.

“ఏది?”

“ఎవరు రాయమన్నారండి మిమ్మల్ని?”

చేతిలో చెంచా అలాగే ఉంది. గొంతు పెంచలేదు. పక్క మంచాల వాళ్లు వింటారని కాబోలు, ఇంకా తగ్గించింది.

“మొన్న సాయంత్రం ఏజెన్సీ ఆయనా, ఇంజనీరు గారూ వచ్చారండి. తప్పు ఈయందేనని కాగితం మీద సంతకం పెడితే, ఈయన పనిలోకి నన్ను తీసుకుంటామన్నారు. శుక్రవారం రమ్మన్నారు. ఈయన సంతకం పెట్టాడు. నిన్న మద్దేనం ఫోన్ చేశారు. స్టోరులో ఎవరో అడ్డంగా కాగితం పెట్టారు, అది ఉండగా ఈ పని జరగదు, కోర్టుకెళ్తే ఎన్నేళ్లో మాకే తెలీదు అన్నారు.”

“తాగి కొట్టావని రాసుందే అందులో. చూశావా?” అన్నాడు శశిభూషణ్, అమ్మిరాజు వైపు తిరిగి.

“చదివే పెట్టానండి.” అమ్మిరాజు పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూస్తున్నాడు. “మా పాపకి తెల్సండి నేను తాగనని. ఊళ్లోవాళ్లు ఏమనుకుంటే ఏంటండి?”

“అది అబద్ధం కదా...”

“అబద్ధమేనండి,” అంది లోవలక్ష్మి. “మీది నిజమే. మీరు మంచి మనసుతోనే రాశారు, కాదన్ను. ఒక్క మాట మమ్మల్ని అడిగారా? ఈయన కాలు, నా పిల్ల. ఆ కాగితం ఇక్కడికి తెచ్చి, ఇచ్చేదా వద్దా అని ముందు అడిగుంటే మీ సొమ్మేం పోయేది బాబుగారు?”

ఆమె మళ్లీ స్టూలు మీద కూర్చుని, జావ చెంచాతో ఎత్తి, పెదవికి తాకించి వేడి చూసి, మొగుడి నోట్లో పోసింది. శశిభూషణ్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. వెళ్లొస్తానని చెప్పాడో లేదో తర్వాత గుర్తుకు రాలేదు.

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. నకలు తీసి మళ్లీ చదివాడు. ప్రతి మాటా నిజమే. ఇంజనీరు ఒత్తిడి ఉంది, కంపెనీ పిన్ను ఉంది, తడిసిన మాను ఉంది. రెండోసారి చదువుతుంటే లేనిది కనిపించింది. ఆ పొద్దున్న కిటికీ దగ్గర జాషువా అన్న మాటలు ఎక్కడా లేవు. మామిడి కొమ్మ లేదు. పాత గొడ్డళ్లు వేలానికి పంపమని పట్టీ రాసిన చెయ్యి లేదు. జాషువా వద్దన్న పిడిని అమ్మిరాజు భుజాన ఎవరు వేశారో లేదు. నిజం రాస్తున్నానని కూర్చుని, తనని మాత్రం జాగ్రత్తగా బయట నిలబెట్టుకున్నాడు. సీతారామలక్ష్మికి ఒత్తు తప్పు కనిపించింది. ఇది కనిపించే వీలు లేదు, ఆవిడకి చెప్పందే.

బస్సు ఒకచోట అరగంట ఆగింది. ముందర చెట్టేదో పడింది. మనుషులు దిగి చుట్టూ నిలబడ్డారు. అతను దిగలేదు.

మర్నాడు ఆఫీసు తెరవగానే మణిశంకర్ గదికి వెళ్లాడు. కొత్త కాగితం ముందు పెట్టాడు.

‘పనిముట్టు ఇచ్చు సమయమున పిన్ను స్థితిని సరిచూడవలసిన బాధ్యత నాది. సీనియర్ పనివాడు జాషువా హెచ్చరించినను లక్ష్యపెట్టక ఇచ్చితిని. ప్రమాదమునకు నా నిర్లక్ష్యమే కారణము. మునుపటి నా రిపోర్టును ఉపసంహరించుకొనుచున్నాను.’

మణిశంకర్ రెండుసార్లు చదివాడు. “ఇదేంటండి? సస్పెన్షన్ పెడతారు. ఎంక్వయిరీ తేలేదాకా పెన్షన్ ఆగిపోతుంది.”

“తెలుసండి. అమ్మిరాజు సంతకం పెట్టిన కాగితం నా ఎదురుగా చింపెయ్యండి. తాగాడన్న మాట ఏ ఫైల్లోనూ ఉండకూడదు. లోవలక్ష్మిని పనిలోకి తీసుకోవాలి. అప్పుడే ఇది మీ దగ్గర వదిలి వెళ్తాను.”

ఇంజనీరు సొరుగు లాగి, అమ్మిరాజు సంతకం ఉన్న కాగితం తీసి నాలుగు ముక్కలు చేశాడు. ఏజెన్సీకి ఫోను చేసి లోవలక్ష్మి పేరు చెప్పాడు. అవతలివాళ్లు సరేనన్నారు. తర్వాత పెన్ను తీసుకుని, శశిభూషణ్ రాసి తెచ్చిన కాగితంలో ఒక వాక్యం మీద తనే గీత పెట్టాడు.

“ఈ జాషువా సంగతి అక్కర్లేదండి. ఒక పనివాడు ముందే హెచ్చరించాడంటే పనిముట్టు మీద అనుమానం వస్తుంది. మిగిలింది చాలు.”

“అది జరిగిందండి. ఉండనివ్వండి.”

“అది ఉంటే ఆ అమ్మాయి ఉద్యోగం ఉండదు శశిభూషణ్ గారూ. మీ ఇష్టం.”

మాట నెమ్మదిగానే అన్నాడు. శశిభూషణ్ కొట్టేసిన గీత పక్కన పొట్టి సంతకం పెట్టి, కాగితం వదిలి వచ్చేశాడు.

సస్పెన్షన్ ఆర్డరు తొమ్మిదో రోజున వచ్చింది. స్టోరు చార్జి తీసుకోవడానికి జూనియర్ అసిస్టెంటు శ్రీదుర్గ వచ్చింది. ఉద్యోగంలో చేరి రెండేళ్లు కాలేదు. “ఇలా జరగాల్సింది కాదండి,” అని మొహమాటంగా అని, పట్టీ పట్టుకుని సామాను లెక్క చూసుకోవడం మొదలుపెట్టింది. బకెట్లు, తాళ్లు, బ్లీచింగ్ బస్తాలు, చేతి తొడుగులు ఒక్కొక్కటే అతను చూపిస్తుంటే, ఆమె టిక్కు పెడుతోంది.

సగంలో ఉండగా వ్యాను వచ్చి ఆగింది. అట్టపెట్టెలు దించారు. ఆరు పెట్టెలు. శ్రీదుర్గ పైది విప్పింది. లోపల ఎర్ర సంచీలు, ఒకదాని మీద ఒకటి, కొత్త ప్లాస్టిక్కు వాసనతో.

“ఇంకో అరవై ఆర్డరు పెట్టారండి, తుఫాను నిధుల్లోంచి,” అని చెబుతూ చలాను కింద పిన్ను చేసి ఉన్న ఆర్డరు కాపీ అతనికి అందించింది.

అతను నిలబడే చదివాడు. ఇటీవలి ప్రమాదమునకు స్టోర్ కీపరు నిర్లక్ష్యమే కారణమని ఆయన స్వయంగా రాసి ఇచ్చినందున, పనిముట్టులో ఎట్టి లోపము లేదని నిర్ధారణ అయినది. కావున అదనపు కొనుగోలుకు అనుమతి ఇవ్వడమైనది. కింద అతని కాగితం నంబరూ తేదీ స్పష్టంగా వేశారు. అరవై సంచీలకీ ఆ కాగితమే పూచీ.

కాపీ ఆమె చేతికి తిరిగి ఇచ్చాడు. చెయ్యి తగిలి టేబులు మీది ఇంకు ప్యాడు కింద పడింది. వంగి తీశాడు.

అప్పటికే పనివాళ్లు వరస కట్టారు. కాలవ గట్టు మీద మొదళ్లు ఇంకా మిగిలే ఉన్నాయి. వరసలో నాలుగో మనిషి లోవలక్ష్మి. చీర మీద కొత్త నారింజరంగు కోటు, సైజు పెద్దది, చేతులు మడిచి తొడుక్కుంది. ఆమె వంతు వచ్చింది. సంతకం చోట పేరు కూడబలుక్కుంటూ రాసింది. శ్రీదుర్గ కొత్త పెట్టెలోంచి సంచీ తీసి ఇచ్చింది.

లోవలక్ష్మి సంచీ విప్పి పిడి బయటికి తీసి, అటూ ఇటూ తిప్పి చూసింది. గోడవార నిలబడ్డ శశిభూషణ్ దగ్గరికి వచ్చింది. ఆసుపత్రిలో అన్న మాటలు ఆమెకీ గుర్తున్నట్టున్నాయి, కళ్లలోకి చూడలేదు.

“పాప బళ్లోకెళ్తాందండి. ఈయన కూడా కర్ర పట్టుకుని లేస్తన్నాడు,” అంది. కాస్త ఆగి, “బాబుగారు, ఇది మంచిదేనా అండి?” అని అడిగింది.

శ్రీదుర్గ తల ఎత్తింది. వరసలో మాటలు ఆగాయి. జాషువా మోకు చుట్ట భుజం మార్చుకుంటూ ఇటే చూస్తున్నాడు.

“కాదమ్మా,” అన్నాడు శశిభూషణ్. గది అవతలిదాకా వినపడేట్టు అన్నాడు. “మంచిది కాదు. దీనితో మాను కొట్టకూడదు. ఆ పొద్దున్న జాషువా చెప్పాడు, నేను విన్లేదు. కాగితంలో నేను రాసిందే...”

“అయ్య బాబోయ్, ఊరుకోండి.” లోవలక్ష్మి గబుక్కున అతని దగ్గరికి జరిగి, వెనక్కి చూసింది. “ఊరుకోండి బాబుగారు, మీకు దణ్ణం పెడతాను. ఎవరైనా వింటే ఈ పని కూడా పోద్ది.”

పిడి సంచీలో తోసి, తాడు బిగించి, భుజాన తగిలించుకుంది. బయట ట్రాక్టరు కదులుతోంది. ఆమె పెద్ద కోటు మోకాళ్లకి కొట్టుకుంటుండగా పరుగెత్తి వెనక కమ్మీ పట్టుకుంది. పైనుంచి జాషువా చెయ్యి అందించాడు.

“ఇక్కడ సంతకం పెట్టాలండి మీరు,” అంది శ్రీదుర్గ, పట్టీ అతని ముందుకి జరుపుతూ. వేలు పెట్టి చూపించిన చోట, అన్ని వస్తువులూ మంచి స్థితిలో అప్పగించడమైనది అని అచ్చువేసి ఉంది.

శశిభూషణ్ పెన్ను తీసుకున్నాడు. సంతకం పెట్టకుండా దాన్ని చేతిలోనే పట్టుకుని ఉన్నాడు.